చెయ్యి తీశాను

డ్రైవింగ్ నేర్పే టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళంతా అంటారు. అది తప్పు. ముక్కు మీద ఉండే కోపం ఇట్టే వచ్చి ఇట్టే పోతుంది. ఈవిడది వచ్చి ఇరవై రెండేళ్ళయింది, ఇంకా పోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె నాన్న పాత షెడ్డు ముందు దిగేసరికి తమ్ముడు షట్టర్‌తో కుస్తీ పడుతున్నాడు. సందులో నరపురుగు లేదు. ఎదురు దుకాణాలన్నీ సెలవు. వానమబ్బు పట్టి పగలే మసకగా ఉంది. షట్టర్ నడుమెత్తు దాకా లేచి, ఇక లేవనని మొరాయించింది. ఇద్దరూ వంగి లోపలికి దూరారు. తుప్పు వాసన, ఎలుకల వాసన, వాటన్నిటి అడుగున పాత పెట్రోలు పులిసిన వాసన. షెడ్డు మధ్యలో, పట్టా కప్పుకుని, ఆ కారు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. తెల్లవారితే షెడ్డు కూల్చేస్తారు. "తాడు కట్టి ఈడ్చుకుపోరా," అని ఆమె ఫోన్‌లోనే చెప్పింది. తమ్ముడు వింటేనా? నాన్న కారు, స్టార్ట్ చేసి తోలుకుపోతాను, దాని నాడి నీకు తెలిసినట్టు నాకు తెలీదు, ఒక్క పూట రా అని ప్రాణం తీశాడు. ఆమె పెట్టేయబోతుంటే, అమ్మ కూడా నిన్ను పిలవమంది అన్నాడు. ఆ మాట అనకపోతే ఆమె వచ్చేది కాదు.

"అమ్మ ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు," పట్టా లాగుతూ అడిగింది.

తమ్ముడు నసిగాడు. "'దాన్ని పిలువు. అది చేసిన పనేంటో అదే చూసుకుంటుంది' అంది."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టా ఒక్క లాగు లాగేసరికి ఇరవై రెండేళ్ళ దుమ్ము ఇద్దరి మొహాన పడింది.

అప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. నాన్న మెకానిక్కు, ఆమె నాన్నకు కుడిభుజం. ఆ షెడ్డులో నాన్నకో నియమం ఉండేది. బానెట్ ఎత్తితే సీట్లో కూర్చున్నవాళ్ళకు ఇంజిన్ దగ్గరున్న మనిషి కనపడడు. అందుకని ఇంజిన్ దగ్గరున్నవాళ్ళు 'చెయ్యి తీశాను' అని గట్టిగా అనాలి. సీట్లో ఉన్నవాళ్ళు 'కొడుతున్నా' అని బదులిచ్చి, అప్పుడే తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాలి. ఈ రెండు మాటలు లేకుండా అక్కడ ఏ బండీ కదిలింది లేదు.

ఆ రోజు ఇదే కారు సీట్లో ఉన్నది ఆమె. 'చెయ్యి తీశాను' అని నాన్న గొంతు విన్నది. 'కొడుతున్నా' అంది. కొట్టింది. నాన్న ఎడమచెయ్యి ఫ్యాను రెక్కల్లోనే ఉంది.

గాయం విషమించి నాన్న మూడో వారంలో పోయాడు. పోయేముందు ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ. "నేను అనలేదు."

పోయేవాడు అబద్ధం ఆడడు కదా. కాబట్టి కూతురే ఆడింది. చుట్టాలు ఆమెకు 'తొందర' అని పేరు పెట్టారు. ఏ ఇంటికి వెళ్ళినా "తొందర వచ్చింది, తలుపులు భద్రం" అని ఒకటే నవ్వులు. అమ్మ అయితే నవ్వనూ లేదు, తిట్టనూ లేదు. నేరుగా మాట్లాడటమే మానేసింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "దాన్ని తినమను," అనేది తమ్ముడితో. "ఒక్కసారి తప్పు ఒప్పుకోమను. కన్నకూతుర్ని కొరుక్కు తింటానా?" అనేది గోడతో. చెయ్యని తప్పు ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. నాన్న పోయాక ఆమె ఇంజిన్ మీద చెయ్యి వెయ్యలేదు. ఆ పనంటే ప్రాణం పెట్టిన మనిషి, ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళకు 'చూసుకున్నాకే, చూసుకున్నాకే' అని నేర్పుకుంటోంది.

కారు తొందరగా లొంగలేదు. ట్యాంకులోంచి జిగురులా మారిన పెట్రోలు వంచారు. గాలి ఫిల్టర్‌లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఖాళీ చేసి కూడా పోయాయి. ప్లగ్గులు విప్పి ఒక్కో గుంటలో చెంచాడు ఆయిల్ పోసి గంటసేపు నాననిచ్చారు. తమ్ముడు కొత్త బ్యాటరీ, కొత్త బెల్టు, కొత్త ప్లగ్గులు, డబ్బాడు పెట్రోలు తెచ్చాడు. ఫ్యాను పట్టుకుని తిప్పితే ముందు కదలలేదు. ఆమె పళ్ళు బిగించి తోసింది. లోపలెక్కడో కిర్రుమని, ఇంజిన్ ఒక చుట్టు తిరిగింది. ఎన్నేళ్ళకో వేళ్ళకు ఆ జిడ్డు అంటుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

"ఇంక నువ్వు సీట్లో కూర్చో అక్కా. నేను ఇక్కడ చూస్తా," అన్నాడు తమ్ముడు.

ఆమె ఒంటికాలి మీద లేచింది. "మళ్ళీ ఆ సీట్లో కూర్చోబెడతావట్రా నన్ను? నువ్వే కూర్చో. చెయ్యి నేను పెడతాను. నువ్వు తొందరపడవుగా మహానుభావా!"

"కోప్పడకక్కా. నువ్వు అబద్ధం చెప్పావని నేనెప్పుడన్నా అన్నానా?"

"చెప్పలేదని ఎప్పుడన్నా అన్నావా?"

తమ్ముడు వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

"చెయ్యి తీశాను!"

"కొడుతున్నా!"

ఇంజిన్ మూలిగింది. అందుకోలేదు. ఇంకోసారి. అంతే. ప్లగ్గులకు నిప్పురవ్వ సరిగా అందడం లేదని ఆమెకు చప్పుడు వింటేనే తెలిసిపోయింది. రవ్వను పంచే మూత ఊడదీసి పక్కకు వేలాడేసింది. ఇంక దాని అడుగున రవ్వ పుట్టించే పాయింట్లు సరిచెయ్యాలి. అందుకు ఒక చేత్తో ఫ్యానును కొద్దికొద్దిగా తిప్పుతూ, ఇంకో చేత్తో స్క్రూ బిగించాలి. లోపల చీకటిగా ఉంది. చిన్న టార్చి పళ్ళ మధ్య కరిచిపట్టుకుంది. ఎడమచెయ్యి ఫ్యాను రెక్క మీద వేసింది.

బయట గాలి ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది. చేతి కింద ఇనుము వెచ్చగా ఉంది... ఇందాకటి దాకా చల్లగా ఉన్న ఇనుము. చాలా దూరం తిరిగొచ్చి ఇప్పుడే ఆపిన బండిలా ఉంది. ఇంజిన్ కింద, నేలకూ ఇనుముకూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో, ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆమె కదల్లేదు.

"చెయ్యి తీశాను."

తన గొంతు. అచ్చంగా తనదే. అందులో కోపం కూడా తనదే.

వద్దని అరవబోయింది. నోట్లో టార్చి. "మ్మ్..."

"కొడుతున్నా!" అన్నాడు తమ్ముడు.

ఆమె చెయ్యి లాక్కుంది. లాక్కుంటుండగానే రెక్క వచ్చి వేళ్ళ మీద కొట్టింది. ఆమె వెనక్కి తూలి గోడకు పడింది. మధ్యవేలి గోరు లేదు. ఇంజిన్ ఒక్క మూలుగు మూలిగి, అందుకుని, గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది.

"అందుకుంది! అక్కా, అందుకుంది!" తమ్ముడు చిన్నపిల్లాడిలా ఎగురుతూ వచ్చాడు. రక్తం చూశాడు. ఆగిపోయాడు. టార్చి ఇంకా ఆమె పళ్ళ మధ్యే ఉంది.

"నువ్వు... అన్నావు కదా," గుసగుసగా అన్నాడు.

ఆమె టార్చి తీసింది. "ఇది నోట్లో పెట్టుకుని ఎట్లా అంటాన్రా?"

"విన్నానక్కా. నీ గొంతే. అమ్మ తోడు... విన్నాను."

ఆమెకు భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషం. తను అబద్ధం చెప్పలేదు. నాన్నా చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు తను ఏడుస్తూ వేసిన ఒట్టే ఇప్పుడు తమ్ముడు వేస్తున్నాడు. వాడి మొహం చూస్తే జాలేసింది. ఆ వెనకే, ఇన్నేళ్ళ కోపం ఒక్కసారిగా పొంగింది.

"ఈ మాట అమ్మకు చెప్పు. ఇప్పుడే చెప్పు!"

"ముందు ఇది ఆపుదామక్కా..."

"తాళం తియ్యి మరి!"

"తీశాను." వాడు అరచెయ్యి చాపాడు. తాళంచెవి చేతిలోనే ఉంది.

ఇద్దరూ ఇంజిన్ వంక చూశారు. మూత ఇందాక ఆమె వేలాడేసిన చోటే వేలాడుతోంది. రవ్వ పుట్టినా ప్లగ్గులకు చేరే దారి లేదు. తమ్ముడు బ్యాటరీ వైరు పీకేశాడు. ఇంజిన్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. నాన్న చేత్తో సరిచేసినంత నున్నగా తిరుగుతోంది.

"పోదాం పద... పద అక్కా."

"అమ్మకు చెప్పందే నేను అడుగు కదపను," అంది. చేతికి గుడ్డ చుట్టుకుంటూ, పళ్ళు కొరుకుతూ అంది. "రేపటికి నువ్వే మాట మారుస్తావు. ఇరవై రెండేళ్ళురా! ఫోన్ చెయ్యి!"

తమ్ముడు స్పీకర్ పెట్టి ఇంటికి చేశాడు. రెండో రింగుకే అమ్మ ఎత్తింది.

"అమ్మా, అక్క అబద్ధం చెప్పలేదమ్మా. ఇక్కడేం జరిగిందంటే..."

"తెలుసురా. అంతా చెప్పింది."

"ఎవరు?"

"అక్కే. ఇప్పుడే ఫోన్ చేసింది." అమ్మ గొంతు మెత్తగా ఉంది. "తప్పంతా తనదేనని ఒప్పుకుంది. మీ నాన్న అనకముందే కొట్టేశానంది. ఎంత ఏడ్చిందో పిచ్చిది. ఈ ఒక్క మాట కోసమే కదురా ఇన్నాళ్ళూ చూశాను. మనసులో ఏం పెట్టుకోలేదు, వచ్చెయ్యమన్నాను."

తమ్ముడు బల్ల వైపు చూశాడు. విప్పిన పాత ప్లగ్గుల పక్కన అక్క ఫోన్ ఉంది. వచ్చినప్పుడు పెట్టిందే. మళ్ళీ ముట్టుకోలేదు.

ఆమె వాడి చేతిలో ఫోన్ లాక్కుంది. "అమ్మా! నేను కాదమ్మా! నేనేం ఒప్పుకోలేదు! నేను తప్పు చెయ్యలేదు, వింటున్నావా? అది నేను కాదు!"



"ఎవర్రా ఆవిడ?" అంది అమ్మ. "ఎందుకలా అరుస్తోంది?"

"అమ్మా... నేనే..."

"ఉండరా, తలుపు కొడుతున్నారు. అదే అయ్యుంటుంది. బయల్దేరానంది."

"తియ్యొద్దు! అమ్మా, తియ్యొద్దు!"

ఇంజిన్ ఆగిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు, దానంతటదే ఆగింది. షెడ్డంతా ఎంత నిశ్శబ్దమైందంటే, ఫోన్‌లో అమ్మ చెప్పుల చప్పుడు అడుగడుగూ వినిపించింది. గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"వచ్చావా తల్లీ," అంది అమ్మ. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తనతో అనని మాట అది. "రా. లోపలికి రామ్మా."

తర్వాత ఇంకో గొంతు. తనదే. కానీ దాంట్లో కోపం లేదు, కోపమన్నదే ఎరగనంత చల్లగా ఉంది.

"ముందు తలుపు వేసెయ్యమ్మా."

గడియ పడిన చప్పుడు వినిపించింది.