ఇరవై టాస్‌ల సంతకం

తుపాకి పేలిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. సైలెన్సర్ బిగించి ఉంది.

స్టాటిస్టిక్స్ మాస్టారు బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూనే ఒరిగిపోయాడు. "ఒక సంచిలో నాలుగు ఎర్ర బంతులు, ఆరు తెల్ల బంతులు ఉన్నాయి. చూడకుండా రెండు తీస్తే..." అంతవరకే రాసి ఉంది. ఆ చివరి అక్షరం దగ్గర మొదలైన సుద్దగీత బోర్డు కింది అంచు దాకా జారింది.

చీఫ్ ఆ ఫోటోని టేబుల్ మీద ముందుకు తోశాడు. ఏజెంట్ పదిహేడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ఫోటోలో ఉన్నది అతని బావ. సొంత అక్క భర్త. అంత్యక్రియలు అయి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో అతని కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. ఈ ఫోటో చూస్తే వస్తుందేమో అనుకున్నాడు. రాలేదు. సుద్దగీత కొంచెం ఎడమకి వంగిందని మాత్రం గమనించాడు.

"చేయగలవా? లేదంటే ఇంకొకర్ని పంపుతాను."

"చేస్తాను సార్."

"సరే విను. అది గవర్నమెంటు ఉద్యోగుల ట్రైనింగ్ సెంటర్. ప్రమోషన్ పరీక్షకి స్టాటిస్టిక్స్ తప్పనిసరి. క్లాసులో తొమ్మిది మంది. వాళ్ళలో ఒకళ్ళు మన రహస్యాలు విదేశీ ముఠాకి చేరవేస్తున్నారు. హోంవర్క్ పేపర్లలో."

"పేపర్లలోనా?"

"హోంవర్క్ రాగానే అందరివీ వరండా నోటీసు బోర్డుకి గుచ్చడం మీ బావకి అలవాటు. దిద్దడం తర్వాత. ఆ వరండాలో రోజుకి మూడొందల మంది తిరుగుతారు. ఎవడు ఫోటో తీసుకుపోయినా అడిగే దిక్కు లేదు. 'ఒకటి దొరికింది, రేపు చెప్తాను' అని నాకు ఫోన్ చేశాడు. అదే సాయంత్రం కాల్చేశారు."

చీఫ్ గొంతు తగ్గించాడు. "ఈ శుక్రవారం మన సాక్షిని అంబులెన్సులో ఆస్పత్రి నుంచి కోర్టుకి తరలిస్తున్నాం. ముఠా మొత్తాన్ని పేర్లతో సహా చెప్పగల ఒకే ఒక్క మనిషి. అప్పటిలోగా ఆ స్టూడెంట్ ఎవరో నాకు తెలియాలి. లోపల మనమ్మాయి ఉంది. నెమలి. రెండు నెలల క్రితం స్టూడెంటుగా చేరింది. కోడ్ వర్డ్, 'సగటున బాగానే ఉన్నాను.'"

తర్వాత ఒక దళసరి కళ్ళజోడు ఇచ్చాడు. దాంట్లో కెమెరా. ఒక చెవి మిషను ఇచ్చాడు. దాంట్లో రేడియో.

"నాకు స్టాటిస్టిక్స్ రాదు సార్."

"మీ అక్కకి వచ్చుగా."

నిజమే. పేరుకి బావ మాస్టారు గానీ, ఇరవయ్యేళ్ళుగా ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతున్నది అక్కే.

ఆ మధ్యాహ్నం అక్క డైనింగ్ టేబుల్ మీద బావ నోటుబుక్కు తెరిచింది. తమ్ముడు ఎందుకు నేర్చుకుంటున్నాడో అడగలేదు. టీ పెట్టింది. ఇద్దరిలో ఒక్కరూ తాగలేదు.

"సంచిలో నాలుగు ఎర్రవి, ఆరు తెల్లవి. రెండు తీస్తే రెండూ ఎర్రవే అయ్యే అవకాశం ఎంత? మొదటిది చెప్పు."

"పదిలో నాలుగు."

"రెండోది?"

"అదీ పదిలో నాలుగే."

"తీసిన బంతిని మళ్ళీ సంచిలో వేశావా?"

"లేదు."

"మరింకేం. పోయింది పోయిందిరా. ఉన్నవాటితోనే లెక్క కట్టాలి. తొమ్మిదిలో మూడు." అక్క గొంతు ఎక్కడా వణకలేదు. "రెండూ గుణించు. పదిహేనులో రెండు. రాసుకో."

అతను రాసుకున్నాడు.

సోమవారం పదకొండింటికి కొత్త మాస్టారు క్లాసులో అడుగుపెట్టాడు. బోర్డు ఎవరో కడిగేశారు. ముందు వరసలో నెమలి. మెడకి నీలం ఆకుపచ్చ కలిసిన సిల్కు స్కార్ఫు, తరగతంతా పరుచుకున్న సెంటు వాసన. మిగతా ఎనిమిది మంది ఆమెను చూడ్డానికే క్లాసుకి వస్తున్నారేమో అనిపించేలా ఉంది.

"ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు హాజరు వేస్తూ.

"సగటున బాగానే ఉన్నానండీ."

సిలబస్‌లో ఆ వారం హోంవర్క్ ముందే అచ్చయి ఉంది. నాణేన్ని రెండు వందల సార్లు ఎగరేయాలి. బొమ్మో బొరుసో వరసకి ఇరవై చొప్పున పది వరసలు రాసుకురావాలి.

వెనక బెంచీలో ఒక పెద్దాయన లేచాడు. రైల్వే గేట్‌మన్. రిటైర్మెంటు దగ్గరపడిన వయసులో, ఒక్క మెట్టయినా ఎక్కి దిగిపోదామని పరీక్షకి చదువుతున్నాడు.

"సార్, ఏ నాణెమైనా పర్లేదాండీ?"

"పర్లేదు."

"చేత్తోనే ఎగరెయ్యాలా? రెండొందల సార్లంటే భుజం పడిపోద్దేమోనండీ."

అందరూ నవ్వారు. నవ్వాల్సిన చోటని తెలిసి మాస్టారు కూడా నవ్వాడు.

బుధవారం తొమ్మిది పేపర్లూ వచ్చాయి. కళ్ళజోడు వాటిని ఫోటో తీసింది. అతను వాటిని వరండాలో గుచ్చాడు. ఎర వేయాలంటే బోర్డు ఎప్పటిలాగే ఉండాలి. నెమలి పక్కకొచ్చి నిలబడింది.

"గేటు పెద్దాయన పేపరు చూశారా? రెండొందల్లో నూట ముప్పై ఒకటి బొమ్మలు. ఎక్కడైనా ఉందా?"

అతను అక్కని అడిగాడు. అక్క వేళ్ళ మీదే చెప్పేసింది.

"సగటు వంద. రెండొందల్ని రెండుతో భాగించు, మళ్ళీ రెండుతో భాగించు. యాభై. దాని వర్గమూలం ఏడు చిల్లర. అదే స్టాండర్డ్ డీవియేషన్. వందకి అటో ఏడు ఇటో ఏడు మామూలే. పద్నాలుగు దాకా సర్దుకోవచ్చు. ముప్పై ఒకటి తేడా అంటే ఊరికే రాదు."

"అంటే?"

"నాణెం ఖరాబు, లేదా మనిషి ఖరాబు. లెక్క అంతవరకే చెప్తుంది. ఆ రెంటిలో ఏదో మనమే వెళ్ళి చూసుకోవాలి."

అతను చీఫ్‌కి ఉన్నదున్నట్టు రిపోర్టు చేశాడు. చీఫ్ రెండో ముక్కే విన్నాడు.

"అంబులెన్సు దారిలో ఉన్న గేటు అతనిదే. శుక్రవారం పదకొండున్నర నుంచి గేటు తెరిచి ఉంచాలని అతనికి ముందే ఆర్డరు వెళ్ళింది. ఇంకేం కావాలి? శుక్రవారం క్లాసులోనే పట్టుకుంటాం. ఎస్కార్టు జీపులు రెండూ నీ దగ్గరికే పంపిస్తాను. దొంగ అక్కడ దొరికాక రోడ్డు మీద భయమేముంది? సాక్షితో నేనే కూర్చుంటాను."

నాణెం సంగతి చూడాలని ఏజెంటుకి తట్టింది. కానీ ఆర్డరు వచ్చేసింది. ఈ మధ్య ఎవరితోనైనా వాదించాలంటే నీళ్ళ అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంటోంది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి అతను అక్క ఇంటికి వెళ్ళాడు. మిగతా ఎనిమిది పేపర్లు ఎవరికీ అక్కర్లేదు. అయినా మాస్టారన్నాక దిద్దాలిగా. అతను ఫోటోలు చూసి చదువుతుంటే అక్క గీతలు పెట్టి లెక్కిస్తోంది. "బొమ్మ, బొరుసు, బొరుసు, బొమ్మ..." బావతో ఆమె ఇలాగే కూర్చునేదట.

నెమలి పేపరు చివర్న వచ్చింది. కింద ఆమే రాసిన మొత్తం, నూట రెండు బొమ్మలు. మచ్చ లేని పేపరు. ఒక వరస సగం చదివేసరికి అక్క పెన్సిలు ఆపింది.

"ఈ వరస ఇందాక చదివావుగా?"

"లేదక్కా. ఇది ఆఖరి వరస."

"బొరుసు, బొరుసు, బొమ్మ, బొరుసు, తర్వాత బొమ్మలు నాలుగు. నా చెవులకి మతిమరుపు లేదు. మొదటి వరస తియ్యి."

తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. ఇరవైకి ఇరవై కలిశాయి.

అక్క కాగితం మీద రెండుని రెండుతో గుణించుకుంటూ పోయింది. ఇరవయ్యోసారికి పెన్సిలు కింద పెట్టింది. "పది లక్షల నలభై ఎనిమిది వేల చిల్లరలో ఒక్క ఛాన్సు." రెండు వరసల మీదా వేలు పెట్టి అంది. "ఆయనా ఇదే చూసుంటారు."

ఉత్తరానికి మొదట ఒకసారి, చివర ఒకసారి సంతకం. మధ్యలో బొమ్మా బొరుసుల కోడ్‌లో ఎనిమిది వరసల ఉత్తరం.

అతను కోడ్ రూమ్‌కి ఫోటో పంపాడు. చీఫ్ అప్పటికే ఆస్పత్రిలో ఉన్నాడు. ముఠా వింటుందని వైర్‌లెస్ కట్టేశాడు. కోడ్ రూమ్‌వాళ్ళు రెండు గంటలు పడుతుందన్నారు.

పదకొండున్నరకి క్లాసు మధ్యలో జీపులు వచ్చాయి. నలుగురు మనుషులు లోపలికొచ్చి గేటు పెద్దాయన రెండు చేతులూ వెనక్కి విరిచారు. నెమలి లేచి తలుపు దగ్గర నిలబడింది.

"ఒక్క నిమిషం," అన్నాడు మాస్టారు. "పెద్దాయనా, మీరు ఎగరేసిన నాణెం ఏది?"

"జేబులో ఉంది సార్. చిన్నప్పుడు పట్టాల మీద పెట్టాను. చక్రం అంచు తగిలి వంగింది. అప్పట్నుంచీ నా దగ్గరే ఉంటది. ఏ నాణెమైనా పర్లేదన్నారుగా!"

అతను నాణేన్ని బల్ల మీద పదిసార్లు ఎగరేశాడు. ఏడుసార్లు బొమ్మ పడింది. ఖరాబైంది నాణెం. మనిషి కాదు.

అతను నెమలి వైపు తిరిగాడు. "మీ పేపర్లో మొదటి వరసా చివరి వరసా ఒకటే."

నెమలి నవ్వింది. "కాకతాళీయం."

"పది లక్షల్లో ఒకటి."

"ఆ ఒకటి నేనే కావచ్చుగా?"

"కావచ్చు," అని ఒప్పుకున్నాడు అతను.

అప్పుడే చెవి మిషను గరగరలాడింది. కోడ్ రూమ్ ఒక్కో మాటా విడదీసి చదివింది. "శుక్రవారం. పదకొండు నలభై. అంబులెన్సు. గేటు దాటాక వంతెన కింద. ఎస్కార్టుని నేను తప్పిస్తాను."

నెమలి చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. బయటికొచ్చింది లిప్‌స్టిక్. మూత తీస్తే చిన్న గొట్టం. అతను ఆమె మణికట్టు పట్టి తిప్పాడు. గుండు పైకప్పులోకి దూసుకెళ్ళింది. సున్నం పొడి ఇద్దరి మీదా రాలింది.

"మీ బావ కూడా ఇంత మర్యాదగానే అడిగాడు," అంది ఆమె. "ఈ రెండు వరసలు ఒకేలా ఉన్నాయేంటమ్మా అని."

కోపం వస్తుందేమోనని అతను చూసుకున్నాడు. మణికట్టు సన్నగా ఉందని మాత్రం తెలిసింది. దాన్ని జీపు మనుషులకి అప్పగించాడు.

పదకొండు ముప్పై అయిదు. అంబులెన్సుకి వైర్‌లెస్ లేదు. జీపులు వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు.

"వంతెనా?" అన్నాడు గేటు పెద్దాయన, చేతులు రుద్దుకుంటూ. "దానికి ముందున్నది మా గేటే కదండీ."

పెద్దాయన వరండాలోని ఫోను దగ్గరికి పరుగెత్తాడు. వెనకే క్లాసంతా.

"నేను మాట్లాడుతున్నా. గేటు వెయ్యి."

గేటు దగ్గర డ్యూటీలో ఉన్న రెండో గేట్‌మన్ గొంతు అందరికీ వినిపించింది. "ఇప్పుడు బండేం లేదు కదన్నా? తెరిచి ఉంచమని ఆర్డరు కూడా ఉంది."

"ఆర్డరు సంగతి నేను చూసుకుంటా. ముందు గేటు వెయ్యి!"

"అంబులెన్సు వస్తోందన్నా, కనపడుతోంది. సైరను కొడుతున్నాడు. ఎలా వెయ్యమంటావ్?"

"ముప్పై ఏళ్ళలో నీకొక్క తప్పు మాట చెప్పానా? వెయ్యరా!"

ఫోనులో గేటు గంట మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. ఏజెంటు వాచీ చూశాడు. పదకొండు ముప్పై తొమ్మిది దాటి యాభై రెండు సెకన్లు.

ఎనిమిది సెకన్ల తర్వాత ఫోను అదిరేలా పేలుడు వినిపించింది.

"అన్నా! వంతెన కింద ఏదో పేలింది! రోడ్డే లేదు!"

"అంబులెన్సు?"

"గేటు ఇవతలే ఉంది. డ్రైవరు నన్ను నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. లోపల కూర్చున్నాయన ఇంకా ఘోరంగా తిడుతున్నాడు."

"తిట్టనియ్," అన్నాడు గేటు పెద్దాయన. ఫోను పక్కనే గోడకి జారబడి కూర్చుండిపోయాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఏజెంటు పక్కనే కూర్చున్నాడు. అతని కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆయన భుజం మీద చేయి మాత్రం వేశాడు. చాలాసేపటిదాకా తీయలేదు.

సాయంత్రం ఆఫీసులో చీఫ్ చొక్కా దుమ్ము దులుపుకుంటూ రిపోర్టు చదివాడు. సాక్షి కోర్టులో పదకొండు పేర్లు చెప్పేశాడు. చీఫ్ పెన్నుకి మూత పెట్టాడు.

"నువ్వు ఆ పేపరు మీ అక్కకి చదివి వినిపించడం, గేటు సమయానికి పడటం... అసలు ఇదంతా ఇలా కుదిరే ప్రాబబిలిటీ ఎంతంటావ్?"

"జరిగిపోయింది కదా సార్," అన్నాడు ఏజెంట్ పదిహేడు, చెవి మిషను తీసి బల్ల మీద పెడుతూ. "జరిగిపోయాక ఏదైనా ఒకటే."