కల్నల్ నిద్ర

స్కూలు నుంచి వచ్చీరాగానే మేబెల్ బ్యాగు తాతయ్య ఇంటి మెట్ల మీద పడేసి, కోటైనా విప్పకుండా పెరట్లోకి వెళ్ళింది. చలిదేశపు ఊరు స్కిప్టన్‌లో డిసెంబర్ అంటే బడి వదిలేసరికే చీకటి పడుతుంది. షెడ్డులో లైటు వేసి, మూలనున్న పాత చిన్న ఫ్రిజ్ తలుపు తీసింది.

ఆ ఫ్రిజ్‌లో పాలూ లేవు, వెన్నా లేదు. మట్టి నింపిన పెట్టె ఒకటి ఉంది. పెట్టెలో కల్నల్ ఉంది.

కల్నల్ తాబేలు. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆ ఇంటికి వచ్చింది. మగదనుకుని అమ్మమ్మ దానికి ఆ పేరు పెట్టింది. కొన్నేళ్ళకి అది గులాబీ మొక్క కింద గుడ్డు పెట్టింది. అయినా పేరు మార్చలేదు. "ఆడవాళ్ళు కల్నల్ అవకూడదా ఏం?" అనేది అమ్మమ్మ.

చలికాలం వస్తే కల్నల్ తిండి మానేసి నిద్రపోతుంది. వసంతం దాకా లేవదు. తోటలోనే వదిలేస్తే ఒకరోజు గడ్డకట్టే చలి, ఇంకోరోజు ఎండ. నిద్ర సరిగా సాగదు. ఫ్రిజ్‌లో అయితే చలి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. లోపలికి కొత్త గాలి వెళ్ళేలా రోజూ ఒకసారి తలుపు తీసి మూస్తే చాలు. ఇన్నేళ్ళూ ఆ పని అమ్మమ్మే చేసేది. అక్టోబర్‌లో అమ్మమ్మ పోయాక తాతయ్య దాన్ని మేబెల్‌కి అప్పజెప్పాడు.

"తియ్యి, చూడు, ముయ్యి. అంతే. ముట్టుకోవద్దు తల్లీ. దాని నిద్ర చెడకూడదు," అన్నాడు.

మేబెల్ మొదట్లో అలాగే చేసింది. ఒకరోజు తలుపు తీసినప్పుడు మాత్రం కల్నల్‌ని అలా చూస్తూ నిలబడిపోయింది. కళ్ళు మూసుకుని ఉంది. కాళ్ళు లోపలికి ముడుచుకుని ఉంది. ఊపిరి తీస్తున్నట్టే లేదు.

అప్పుడు అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. "అమ్మమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా. పడుకుంది, మళ్ళీ లేవలేదు."

ఆ రోజు నుంచి మేబెల్ తీసి మూసి ఊరుకోలేకపోయింది.

ఇవాళ కూడా కల్నల్‌ని రెండు చేతులా ఎత్తి, కోటు లోపల పెట్టుకుని, వెనక తలుపులోంచి వంటింట్లోకి వచ్చింది. హీటర్ పక్కన నేల మీద కూర్చుంది. ఒళ్ళో కల్నల్ రాయిలా చల్లగా ఉంది.

"కల్నల్, ఉన్నావా?" అంది గుసగుసగా.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ముందుకాలు కొద్దిగా, కొద్దిగానే, కదిలింది.

మేబెల్ గుండె కుదుటపడింది. దాన్ని మళ్ళీ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి, మట్టి సర్ది, తలుపు మూసింది.

తాతయ్య ముందుగదిలో ఉన్నాడు. టీవీ లేదు, రేడియో లేదు. కప్పులో టీ చల్లారిపోయింది.

"మూశావా తల్లీ?"

"మూశాను తాతయ్యా."

అది అబద్ధం కాదు కదా, అనుకుంది మేబెల్. అయినా ఆయన వైపు చూడకుండా బిస్కట్ల డబ్బా వెతకసాగింది.

శనివారాలు కల్నల్‌ని తూచే రోజు. తాతయ్య వంటింట్లోని త్రాసు షెడ్డులోకే తెచ్చి, కల్నల్‌ని గబగబా తూచి, మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాడు. ఆ శనివారం మాత్రం అంకె వైపు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"తగ్గింది," అన్నాడు.

"తగ్గకూడదా?"

"కొంచెం తగ్గుతుంది. ఇంత కాదు."

ఫ్రిజ్‌లో థర్మామీటర్ చూశాడు. సరిగ్గానే ఉంది. తలుపు చుట్టూ రబ్బరు నొక్కి చూశాడు. అదీ బాగానే ఉంది. తర్వాతి శనివారానికి కల్నల్ ఇంకా తగ్గింది. తాతయ్య త్రాసు పక్కన పెట్టేశాడు. షెడ్డులో తిరగేసిన పూలకుండీ మీద కూర్చుండిపోయాడు.

సాయంత్రం అమ్మ మేబెల్‌ని తీసుకెళ్ళడానికి వచ్చింది. తమ్ముడు రెజీ బూట్లతోనే సోఫా ఎక్కాడు.

"రూత్, కల్నల్‌ని ఇచ్చేద్దామనుకుంటున్నా," అన్నాడు తాతయ్య.

అమ్మ మఫ్లర్ విప్పుతున్నదల్లా ఆగిపోయింది. "ఇచ్చేయడమేంటి నాన్నా?"

"పక్కూరు కీత్లీలో తాబేళ్ళని చూసుకునే ఆవిడ ఉంది. ఫోన్ చేశాను. రేపు వచ్చి తీసుకెళ్తానంది."

"అది అమ్మ తాబేలు కదా."

"అందుకే. మీ అమ్మ ఇన్నేళ్ళు పెంచింది. నాకు ఒక్క చలికాలం గట్టెక్కించడం చేతకాలేదు. ఏం తప్పు చేస్తున్నానో కూడా తెలీడం లేదు." ఆయన గొంతు తగ్గిపోయింది. "నా చేతుల్లో పోవడం చూడలేనమ్మా."

మేబెల్ చెవులు వేడెక్కాయి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుంటే కల్నల్ వెళ్ళిపోతుంది. తాతయ్య ఎప్పటికీ అది తన తప్పే అనుకుంటాడు.

"నేనే," అంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

"రోజూ బయటికి తీశాను. హీటర్ దగ్గర కూర్చోబెట్టాను. కాలు కదిలాక మళ్ళీ లోపల పెట్టాను."

"రోజూనా?" అమ్మ గొంతు పెరిగింది. "ముట్టుకోవద్దని తాతయ్య చెప్పలేదూ? ఆయన ఎంత బెంగపడుతున్నారో చూస్తూ కూడా చెప్పలేదా నువ్వు?"

"ఉండు రూత్," అన్నాడు తాతయ్య. మేబెల్ ముందు కూర్చుని ముఖంలోకి చూశాడు. "ఎందుకు తీశావు తల్లీ?"

"బతికే ఉందో లేదో చూద్దామని." మేబెల్‌కి ఏడుపొచ్చేసింది. "అమ్మమ్మ కూడా నిద్రపోయి లేవలేదు కదా. అమ్మే చెప్పింది."

అమ్మ మెల్లగా వచ్చి సోఫా అంచున కూర్చుంది.

"అలా చెప్పింది నేనే," అంది. "నువ్వు భయపడకూడదని అలా చెప్పాను. అది సగం మాటే. అమ్మమ్మకి గుండె జబ్బు మేబెల్. ఎప్పటి నుంచో ఉంది. ఆ రోజు గుండె ఆగిపోయింది. చనిపోయింది. నిద్ర వల్ల కాదు."

"నిద్ర ఎవరినీ ఏమీ చేయదు," అన్నాడు తాతయ్య. "నేను రోజూ పడుకుంటున్నాను, లేస్తున్నాను చూడు." తర్వాత కళ్ళు తుడుచుకుని కోటు అందుకున్నాడు. "పద. ముందు దాన్ని జంతువుల డాక్టర్‌కి చూపిద్దాం."

డాక్టర్ కల్నల్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. మేబెల్ దాచకుండా అంతా తనే చెప్పింది.

"ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ఇది చలికాలమంతా బతకాలి," అంది డాక్టర్. "వెచ్చగా అనిపించినప్పుడల్లా లేవబోయింది. ఆ కొవ్వంతా ఖర్చయిపోయింది. ఇక ఈ ఏడాది నిద్ర లేదు. వేడినిచ్చే కరెంటు దీపం కింద ఉంచండి, రోజూ గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టండి. తినడం మొదలుపెడితే గట్టెక్కినట్టే."

"తినకపోతే?" అంది మేబెల్.

"తినకపోతే కష్టమే," అంది డాక్టర్.

తాతయ్య కీత్లీకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. కల్నల్ పెట్టె ముందుగదిలోకి వచ్చింది. దాని పైన పెద్ద దీపం వేలాడింది. మేబెల్ రోజూ స్కూలుకి ముందే వచ్చేది. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, మోచేతితో వేడి చూసి, కల్నల్‌ని దించేది. అది నీళ్ళు తాగింది. ఆకులు మాత్రం ముట్టలేదు.

మేబెల్ ఆకు పట్టుకుని దాని మూతి దగ్గరే కూర్చునేది. ఆకు అటు కదిపేది, ఇటు కదిపేది.

"అక్కడ పెట్టి ఇవతలికి రా," అన్నాడు తాతయ్య ఒకరోజు. "నువ్వలా ముఖంలో ముఖం పెట్టి కూర్చుంటే నేనైనా తినలేను."

మేబెల్ ఇవతలికి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఏం చేయాలో తోచలేదు. చేతులు ఊరుకోవడం లేదు. తాతయ్య రేడియో పెట్టాడు. ఆ పాత రేడియోలో ఫుట్‌బాల్ కామెంటరీ వస్తోంది. ఇద్దరూ విన్నారు. లేచి చూడాలని ఎన్నిసార్లు అనిపించినా మేబెల్ లేవలేదు.

క్రిస్మస్ కూడా వెళ్ళిపోయింది. రెజీ కల్నల్ పెట్టె ముందు తన బహుమతులన్నీ పరిచి చూపించాడు. అది పట్టించుకోలేదు.

కొత్త సంవత్సరం వచ్చాక, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, తాతయ్యా మేబెల్ సూప్ తాగుతుండగా పెట్టెలోంచి చప్పుడు వినిపించింది. కర్. కర్. ఎవరో ఎండుటాకు నలుపుతున్నట్టు. మేబెల్ చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"లేవకు," అన్నాడు తాతయ్య లోగొంతుకతో. "తిననీ."

ఇద్దరూ కదలకుండా కూర్చుని ఆ చప్పుడే విన్నారు. సూప్ చల్లారిపోయింది.

వసంతంలో కల్నల్ తోటలోకి వెళ్ళింది. ఎండాకాలమంతా తింది, బాగా బరువెక్కింది. మళ్ళీ చలికాలం వచ్చింది. డాక్టర్ చూసి, ఈసారి నిద్రపోవచ్చు అంది. తాతయ్య పెట్టెలో కొత్త మట్టి నింపాడు. ఎవరికి అప్పజెప్పాలో ఆయన ఆలోచించలేదు. షెడ్డు తాళంచెవి మేబెల్ చేతిలో పెట్టాడు.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చేటప్పుడు రెజీ కూడా వెంటపడ్డాడు. ఆ ఏడే బడిలో చేరాడు. మేబెల్ ఫ్రిజ్ తలుపు తీసింది. రెజీ మునివేళ్ళ మీద నిలబడి లోపలికి చూశాడు.

"అక్కా, కదలడం లేదు."

"అవును."

"అమ్మమ్మలా అయిందా?"

"లేదు. అమ్మమ్మ చనిపోయింది. గుండె జబ్బు చేసి చనిపోయింది. కల్నల్ నిద్రపోతోంది. రెండూ వేరు."

రెజీకి నమ్మకం కుదరలేదు. "నిద్రే అని నీకెలా తెలుసు? ఒక్కసారి లేపి చూద్దాం." చెయ్యి చాచాడు.

మేబెల్ ఆ చేతిని పట్టుకుంది. నిజానికి తనకీ చూడాలనే ఉంది. మూసుకున్న ఆ కళ్ళని చూస్తే ఇప్పటికీ భయమే.

"ఇవాళ మనకి తెలీదు," అంది. "శనివారం తాతయ్యతో కలిసి తూస్తాం. బరువుని బట్టి అప్పుడు తెలుస్తుంది."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ఆగుతాం."

రెజీ చెయ్యి వదలకుండానే, రెండో చేత్తో ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసింది.