లాజరు పొలం హద్దు

శనివారంలోగా భర్త సమాధిని తీసేయాలని రెబెకాకు నోటీసు వచ్చింది. పంపింది మరిది. ఆమె దాన్ని తెచ్చి నిజామాబాద్ ఖలీల్‌వాడిలో వినీత బల్ల మీద పెట్టింది. ఏడవలేదు.

వినీత ప్రైవేటు డిటెక్టివ్. సహాయకుడు అఖిలేష్ వివరాలు రాసుకున్నాడు. మోస్రా దగ్గర రెబెకా భర్త లాజరుకూ, అతని తమ్ముడు శాంతి కుమార్‌కూ పక్కపక్కనే పొలాలు. లాజరు పోయి రెండేళ్లు. పొలం చివర, హద్దుకు నాలుగడుగులు ఇవతల, తన వైపే పూడ్చారు. పోయిన నెల శాంతి కుమార్ పొలం సర్వే చేయించాడు. కొత్త హద్దురాయి ప్రకారం సమాధి అతని వైపు పడింది.

“సర్వే మిషన్ అబద్ధమాడుతదా అంటుండు మా మరిది,” అంది రెబెకా. “నాకేం తెలుసు మేడం.”

మర్నాడు వినీత, అఖిలేష్ ఆ పొలం కొలిచిన సర్వేయర్ రామ్‌దాస్‌ను కలిశారు. పాత నక్షలో కోణాలు డిగ్రీలు, నిమిషాల్లో ఉన్నాయనీ, తన మిషన్‌లో దశాంశాల్లో కొట్టాలనీ అతను చెప్పాడు. అలా మార్చి చీటీ మీద రాసిచ్చింది శాంతి కుమార్. డిచ్‌పల్లిలో లెక్కల ట్యూషన్ చెబుతాడు.

“లెక్కల సారే ఇచ్చిండు గదా అని మల్ల సూడలే,” అంటూ రామ్‌దాస్ చీటీ తీసి ఇచ్చాడు.

వినీత చీటీని నక్ష పక్కన పెట్టింది. అన్నదమ్ముల మధ్య గట్టుకు నక్షలో 72 డిగ్రీల 45 నిమిషాలు, చీటీలో 72.45. శాంతి కుమార్ పొలానికి అవతలి గట్టుకు నక్షలో 71 డిగ్రీల 30 నిమిషాలు, చీటీలో 71.50. అఖిలేష్ రెండుసార్లు చదివాడు. ఆమె ఒక్కసారే చదివి, గట్టు పొడవెంత అని అడిగింది. నాలుగు వందల మీటర్లన్నాడు రామ్‌దాస్.

శుక్రవారం పొద్దున రెబెకా, శాంతి కుమార్, రామ్‌దాస్ ముగ్గురినీ పొలానికి రప్పించింది.

“డిగ్రీకి అరవై నిమిషాలు,” అంది వినీత. “నలభై ఐదంటే ముప్పావు. 72.75 రాయాలె. మీరు 72.45 రాసిండ్రు. నాలుగు వందల మీటర్లు పోయేసరికి అది ఏడడుగుల తేడా.”

“పొరపాటైంది మేడం,” అన్నాడు శాంతి కుమార్.

“అవతలి గట్టుకు ముప్పై నిమిషాలను అర డిగ్రీ చేసిండ్రు. అది సరిగ్గనే ఉంది. అక్కడ 71.30 అని రాస్తే తగ్గేది మీ పొలం. లెక్క తెల్వనోళ్లు రెండూ తప్పు రాస్తరు. మీరు ఒక్కటే రాసిండ్రు.”

వరికోత మిషన్ తన పొలంలోకి దిగడానికి పొలం చివరి మూల తప్ప తొవ్వ లేదనీ, అక్కడ సమాధి అడ్డమైందనీ శాంతి కుమార్ చెప్పాడు.

రెబెకా గొంతు పెంచలేదు.

“మట్టి ఇచ్చిననాడు గీ జాగ నువ్వే సూపిస్తివి శాంతీ. హద్దుకు ఇవతల్నే ఉంది, రంది వెట్టుకోకు వదినె అంటివి.”

రామ్‌దాస్ మిషన్‌లో 72.75 కొట్టి, సరైన చోట సున్నంతో గుర్తు పెట్టాడు. హద్దురాయి లేపి అక్కడికి మార్చడానికి ఇద్దరు కావాలి. శాంతి కుమార్ వంగి ఒక చివర పట్టుకున్నాడు. అఖిలేష్ ముందుకు రాబోతే రెబెకా చేత్తో ఆపి, రెండో చివర పట్టింది.