దానిమ్మ పుల్ల మీద గోటి గీతలు

"ఇది చచ్చిపోయింది," అంటూ లిఫ్ట్ మెకానిక్ కుండీని తెచ్చి నర్సరీ బల్ల మీద పెట్టాడు.

కుండీలో ఒక పుల్ల ఉంది. ఆకూ లేదు, మొగ్గా లేదు.

నర్సరీ అమ్మాయి చేతుల మట్టి దులుపుకుని ముందు పుల్లని, తర్వాత అతన్ని చూసింది. ఇద్దరిలో ఎవరి పరిస్థితి ఎక్కువ విషమంగా ఉందో తేల్చుకోలేకపోయింది.

"మీరు డాక్టరా?"

"లిఫ్ట్ మెకానిక్‌ని."

"మరి పోయిందని ఎలా తేల్చేశారు? ఏం మొక్కిది?"

"దానిమ్మ. మా అమ్మది. అక్క పురిటికి సాయం వెళ్తూ నాకు అప్పజెప్పింది. తిరిగొచ్చేసరికి ఇది బతికి లేకపోతే ఇంట్లో నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే అంది."

"మంచావిడ."

ఆమె పుల్లని గోటితో ఒకచోట చిన్నగా గీకింది. బెరడు కింద పచ్చగా కనబడింది.

"చూశారా, ప్రాణం ఉంది. చలికి ఆకులు రాల్చేసి పడుకుంది. వసంతం వచ్చేసిందిగా, అదే లేస్తుంది. మీరు ఊరికే ఉండండి చాలు."

ఊరికే ఉండడం తప్ప అతనికి అన్ని పనులూ వచ్చు.

తోటి మెకానిక్‌లు అతన్ని 'ఇంకోసారి' అని పిలుస్తారు. లిఫ్ట్ బాగుచేశాక ఇంకోసారి చూస్తాడు, ఆ తర్వాత ఇంకోసారి. ఆ పనికి అది మంచి గుణమే. చిక్కల్లా దాన్ని ఇంటికి కూడా తెచ్చుకోవడమే. తలుపుకి తాళం వేసి లాగుతాడు, మెట్లు దిగి మళ్ళీ ఎక్కొచ్చి లాగుతాడు. అలా లాగి లాగి బంగారం లాంటి తాళాన్ని పాడుచేశాడు. అనుమానం పెనుభూతమంటారు. ఇతని దగ్గర అది కాపురమే పెట్టింది.

ఆ తర్వాత అతను ఎరువు కావాలని ఒకసారి, మట్టి కావాలని ఒకసారి, కుండీ కావాలని చాలాసార్లు నర్సరీకి వచ్చాడు. ఉన్నది ఒక్క పుల్లే అయినా అతని ఇంట్లో ఖాళీ కుండీలు వంటింటి దాకా చేరాయి.

"ఇన్ని కుండీలేం చేసుకుంటారు?" అందామె.

"స్పేర్‌లో ఉంటాయని."

ఒక సాయంత్రం ఉన్నట్టుండి జల్లు పడింది. ఇద్దరూ రేకుల షెడ్ కిందికి చేరారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"మీరంటే నాకిష్టం. అన్నివిధాలా చెక్ చేసుకునే చెప్తున్నాను."

"నాకూ ఇష్టమే," అంది ఆమె, మొలకల ట్రేని వానలోకి జరుపుతూ.

అతని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. గొడుగు చేతిలోనే పెట్టుకుని తడుస్తూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, "నిన్న మీరన్నది ఇవాళ కూడా ఉన్నట్టేనా?" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ మర్నాడూ అడిగాడు, చిరునవ్వు నవ్వింది. ఆ తర్వాత అడిగినప్పుడు మొక్కలకి నీళ్ళు పడుతున్న పైపు అతని బూట్ల మీదికి తిరిగింది. పొరపాటున కాదు.

ఆ వారం చివర్లో అతను కుండీ పట్టుకొచ్చాడు. "ఇంకా లేవలేదండీ."

ఆమె వంగి చూసింది. పుల్ల మీద పైనుంచి కింది దాకా గోటి గీతలే.

"రోజూ గీకారా?"

"ప్రాణం ఉందో లేదో తెలియాలిగా! మీరే కదా నేర్పారు."

"ఉన్న ప్రాణం పోయేదాకానా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్నూ అంతేగా! పొద్దున లేస్తే ఉందా, ఉందా అని. నాకెంత బెరడుందనుకుంటున్నారండీ? కుండీ ఇక్కడ వదిలెళ్ళండి. నేను పిలిచేదాకా రాకండి."

"పిలుస్తారు కదా?"

ఆమె కుండీ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అడక్కుండా ఉండాల్సిందని గేటు దాటాక అతనికి తట్టింది.

అతనికి తిండి సయించలేదు. నర్సరీ వీధి వైపు కాళ్ళు లాగుతుంటే చుట్టూ తిరిగి పనికి పోయాడు.

ఒకరోజు ఒక పాత మేడలో లిఫ్ట్ బాగుచేసి తలుపు తీశాడు. కూరగాయల సంచితో ఒక పెద్దావిడ గబగబా లోపలికొచ్చి మీట నొక్కింది.

"మామ్మగారూ, బాగయిందా అని అడగరేం?"

"నువ్వు బాగుచేశావుగా, నాయనా. నా పొయ్యి మీద పులుసు మరుగుతోంది," అంటూ అద్దంలో జుట్టు సర్దుకుంది.

లిఫ్ట్ పైకి పోయింది. అతను కిందే నిలబడిపోయాడు. ఊళ్ళో ఇంతమంది, ముక్కూ మొహం తెలియని తనని నమ్మి, ఇనుప తాడుకు వేలాడుతూ పులుసు గురించి ఆలోచిస్తున్నారు. తనకి మాత్రం ఎదురుగా నిలబడి ఇష్టమేనన్న మనిషి మాట చాల్లేదు. సిగ్గేసింది. ఆ సాయంత్రం తలుపు తాళం వేసి, లాగకుండా మెట్లు దిగాడు. ప్రాణం పోయినంత పనైంది కానీ దిగాడు.

ఆదివారం అమ్మ దిగింది. "చెట్టేదిరా?"

"నర్సరీలో ఉంది."

"పద చూద్దాం."

"పిలిస్తే గానీ నేను రాకూడదమ్మా."

అమ్మ కొడుక్కి జ్వరమేమోనని నుదురు తాకి చూసి, తనే వెళ్ళింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"ఒరేయ్, రా."

"తను పిలవాలి."

ఫోన్ చేతులు మారింది. "పిలుస్తున్నాను. రండి," అంది నర్సరీ అమ్మాయి.

అతను పరుగెత్తుకెళ్ళాడు. పుల్ల పైభాగం ఎండిపోతే ఆమె కత్తిరించేసింది. మొదలు దగ్గర, గోరు తగలనిచోట, రెండు చిగుళ్ళు ఎర్రగా పొడుచుకొచ్చాయి. అతను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"ముట్టుకుని చూడరా?"

"వద్దు. ఉందిగా."

"నన్నేమీ అడగరా?"

"అడగను. మీరన్నారు, అంతే."

ఆమె తల దించుకుని నవ్వింది. అతను చిగుళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. అమ్మకి ఓపిక నశించింది.

"ఒరేయ్ మొద్దూ! ఇప్పుడడగాలిరా!"

అతనికి అప్పుడు వెలిగింది. జేబుల్లోంచి చేతులు తీశాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"చేసుకుంటాను."

అతను మళ్ళీ అడగలేదు. అమ్మే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగానేనా తల్లీ? ఇంకోసారి ఆలోచించుకో."