ముప్పయ్యో పేరు

"కవరు నువ్వే విప్పమ్మా, నా చేతులు తడిగా ఉన్నాయి" అన్నాడు మామగారు వరండాలో గడ్డం గీసుకుంటూ.

ఆయన పట్టణ గ్రంథాలయాధికారి. కవరు ఆయన పేరునే వచ్చినా, ఆర్నెల్లుగా దానికోసం కళ్లు కాయలు కాచేలా చూసింది కోడలు. గ్రంథాలయమూ దూరవిద్య కాలేజీ కలిసి గ్రాంటుకు దరఖాస్తు పెట్టాయి. అది వస్తే గ్రంథాలయం మేడమీదే క్లాసులు, అక్కడే పరీక్షలు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని రెండు గంటలకు మించి వదల్లేని ఆమెకు, సగంలో ఆగిన డిగ్రీ పూర్తిచేయడానికి అదొక్కటే దారి. ఈ ఏడాది దాటితే పాత మార్కులు చెల్లవు. అందుకే ఇల్లిల్లూ తిరిగి, చదువుకోవాలనుకునే ఆడవాళ్ల సంతకాలు తనే పోగుచేసింది. తనతో కలిపి సరిగ్గా ముప్పై.

'కనీసం ముప్పైమంది ఉండాలి. ఇరవై తొమ్మిదిమందే ఉన్నందున తిరస్కరించడమైనది.'

వెనక జాబితా నకలు. చివరి పేరు మీద తిన్నగా ఒక గీత. క్యాలెండర్లో గడిచిన తేదీని కూడా స్కేలు పెట్టి కొట్టేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.

"మామయ్యా, నా పేరు కొట్టేశారా?"

ఆయన చేయి ఆగిపోయింది. "కోడలి కోసం గ్రాంటు తెచ్చుకున్నాడంటారని... ఇంకొకరు దొరుకుతారనుకున్నానమ్మా. దొరకలేదు."

"మరి నా పేరు మళ్లీ రాయొచ్చుగా?"

"కొట్టేసిన పేరే మళ్లీ రాస్తే కాగితం బాగుండదని..."

"కాగితం బాగుండదా!" అంది కోడలు.

లోపల్నుంచి అత్తగారి మాట ముద్దముద్దగా వచ్చింది. "ఆయనంతే. పెళ్లిచూపులప్పుడు... నా దస్తూరిలో... తప్పులు పట్టాడు."



"నేను సెలవు పెడతాను. మీ అత్తయ్యను చూసుకుంటాను. నువ్వు జిల్లా కేంద్రంలో పెద్ద కాలేజీకి వెళ్లి పరీక్షలు రాసిరా" అన్నాడాయన తడబడుతూ.

"అక్కడ పేరు నమోదు గడువు పోయిన నెలే అయిపోయింది. మనకెలాగూ సెంటరొస్తుందని నేనే ఊరుకున్నాను."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఇంతలో గేటు చప్పుడు. వీధి చివరి టైలరమ్మ.

"అక్కా, కవరొచ్చిందటగా! నోటుబుక్కులు కొనేశా. సోమవారం నుంచేనా క్లాసులు?"

కోడలు కదిలేలోపే మామగారు లేచి గేటు దగ్గరికి నడిచాడు.

"ఏంటి బాబాయ్, సగం గడ్డంతో వచ్చేశారు?" నవ్వింది టైలరమ్మ.

"క్లాసుల్లేవమ్మా. గ్రాంటు రాలేదు. తప్పు నాదే." టైలరమ్మ ఆయన ముఖంలోకి చూసి వెనుదిరిగింది.

కోడలు తువ్వాలు తెచ్చి ఆయన చేతికిచ్చింది. నురగ ఎండిపోయిన చెంప మీద నీటిచార కనిపించింది. ముప్పై ఏళ్లుగా కాగితం మీద ఒక్క మరక పడనివ్వని మనిషి.

"ఇంకా ఇరవై ఎనిమిది మందికి చెప్పాలి. నేనే చెబుతాను" అన్నాడు.

"వెళ్లిరండి" అంది అత్తగారు లోపల్నుంచి. "రెండు గంటలు... ఎక్కడికీ పోనులే."

కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఉండండి మామయ్యా, నేనూ వస్తాను. వాళ్ల ఇళ్లు మీకు తెలియవుగా."