డ్యూటీ ఉన్న ఆదివారం

"ఆ గొడుగేదో బయటే దులుపుకుని రావచ్చుగా!"

వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాట అదే. ప్రేమకథలకి ఇంతకన్నా మంచి మొదళ్ళు ఉంటాయి. కానీ ఆ రోజు అతనికి నడుం నొప్పి, బయట ఆగని వాన, లిఫ్టులో నేల అప్పుడే తుడిచి స్టూలు మీద కూలబడ్డాడు. ఆ తుడిచిన నేల మీదే ఆ అమ్మాయి ధారలు కారుతున్న గొడుగుతో వచ్చి నిలబడింది.

"అయ్యో, చూసుకోలేదండీ."

గొడుగు మూలన ఆనించి, బ్యాగులోంచి చిన్న టవల్ తీసి, తెల్ల యూనిఫాం తడిసిపోతున్నా పట్టించుకోకుండా గొంతుక్కూర్చుని నేల తుడవడం మొదలెట్టింది.

"మీరెందుకు తుడవడం? లేవండి. ఎవరైనా చూస్తే నన్నంటారు."

"తడిపింది నేనేగా?"

"ఏ ఫ్లోర్?"

"నాలుగు. ఇవాళే చేరాను."

అతనికి ఇంకా ఒళ్ళు మండింది. పోట్లాటకి దిగినవాడికి అవతలివాళ్ళు ఎదురు చెప్పకపోతే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలి? నాలుగో నంబరు బటన్ని కసిగా నొక్కాడు.

ఆ ఆస్పత్రిలో లిఫ్టు నడపడం అతని పని. ముప్పై దాటినా అందరికీ లిఫ్టబ్బాయే. కొందరికి ఆ అబ్బాయి కూడా దండగ, "ఏయ్ లిఫ్టూ" అంటే సరిపోతుంది. ఒక స్టూలు, తిరగడానికి బద్ధకించే చిన్న ఫ్యాను, గీతలు పడ్డ అద్దం. పొద్దస్తమానం ప్రయాణమే, ఎక్కడికీ చేరడు. పుట్టిన బిడ్డని చూడ్డానికి మిఠాయి పొట్లంతో వచ్చినవాళ్ళూ, పోయిన మనిషి బట్టలు సంచిలో సర్దుకుని దిగేవాళ్ళూ ఒక్కోసారి పక్కపక్కనే నిలబడేవారు. ఎవరి ముఖం చూడాలో తెలియక, అతను అసలు ముఖాలు చూడడమే మానేశాడు. బటన్లు చూసేవాడు.

ఆమె వచ్చాక బటన్లు చూడడం కష్టమైంది.

కొద్ది రోజుల్లోనే ఆమె సంగతి ఆస్పత్రంతా తెలిసింది. దేవుడంటే ప్రాణం. అలాగని మైకులా మోగే రకం కాదు. "రేపు మా ఆయనకి ఆపరేషన్, సిస్టర్" అని ఎవరో కళ్ళు తుడుచుకుంటే, "మీ ఆయన పేరు చెప్పండి, ప్రార్థన చేస్తాను" అని, లిఫ్టు పైకి పోతూ ఉండగానే కళ్ళు మూసుకుని చేసేసేది. ఎవరూ రాని రోగుల గోళ్ళు టీ విరామంలో కత్తిరించేది. ఒకసారి హడావుడిలో ఊడ్చే ఆవిడ మీద అరిచింది. మధ్యాహ్నం ఆవిడ లిఫ్టెక్కితే, నిండా జనం ఉండగానే అంది.

"పొద్దున తప్పు నాదమ్మా. మీ మీద అరిచి, తర్వాత ప్రార్థనకి కూర్చుంటే యేసయ్య ముందు నోరు పెగల్లేదు. ఏమనుకోకండి."

"భలేదానివే సిస్టర్! ఎవరూ అరవని రోజు నాకు పని చేసినట్టే ఉండదు," అంది ఆవిడ. కానీ దిగేటప్పుడు పైటకొంగు కళ్ళకి అద్దుకుంటూ దిగింది.

అందర్నీ పిలిచేది. ల్యాబు కుర్రాణ్ణి, అకౌంట్స్ పెద్దమనిషిని, ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించుకొచ్చే బండమీసాల వాణ్ణి కూడా. "ఆదివారం మా మందిరానికి రండి. మార్కెట్ వెనకాల, ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద. మెట్లు కాస్త ఇరుకు, తల చూసుకోండి." ఆ అడ్రస్ వినీ వినీ అతనికి కంఠతా వచ్చేసింది.

అతన్ని మాత్రం పిలవలేదు.

ఎక్కితే "నాలుగు". దిగితే "థాంక్సండీ". అంతే.

నిజానికి ఆమె పిలవాలని అతను కాచుక్కూర్చున్నాడు, వెళ్ళడానికి కాదు. అతని దగ్గర ఒక మాట ఉంది. ఏళ్ళుగా దాచుకున్న మాట. అమ్మ మంచాన పడ్డప్పుడు ప్రార్థన చేస్తామని కొందరు ఇంటికొచ్చారు. అమ్మ ఓపిక లేకపోయినా లేచి కూర్చుని చేతులు జోడించేది. నయం కాలేదు. చివర్లో వాళ్ళలో ఒకాయన గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, ఇతని వంక చూసి, "ఇంట్లో ఒకరికి విశ్వాసం లేదు, అందుకే స్వస్థత ఆగిపోయింది" అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు. అమ్మ కూడా వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయనకి చెప్పలేకపోయిన జవాబు అతని గొంతులోనే ఉండిపోయింది. ఈమె ఒక్కసారి "మా మందిరానికి రండి" అంటే చాలు, మొహాన కొట్టినట్టు చెప్పేద్దామని.

ఆమె అనదే! ఊళ్ళో అందరికీ శుభలేఖ ఇచ్చి పక్కింటివాణ్ణి వదిలేసినట్టు.

ఆ శనివారం లిఫ్టు పాడైంది. కంపెనీ మెకానిక్ లోపల దిగి సుత్తితో ఏదో కొడుతున్నాడు. సరిగ్గా ఆ పూటే నాలుగో ఫ్లోర్లో కండక్టరు తాతయ్యకి డిశ్చార్జి. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది, ఇంకా నడవకూడదు. కింద కొడుకు కారు తెచ్చుకుని ఎదురుచూస్తున్నాడు. వార్డుబాయిలు వేరే రోగుల్ని మోస్తున్నారు.

"లిఫ్టు లేకపోతేనేం, లిఫ్టబ్బాయి ఉన్నాడుగా," అన్నాడు తాతయ్య. "కట్టండి కుర్చీకి. పదండి."

పాత దుప్పటితో ఆయన్ని కుర్చీకి కట్టారు. వెనక కుర్చీ వీపు ఆమె పట్టుకుంది. ముందు కాళ్ళు అతను పట్టుకున్నాడు. అంటే అతను మెట్లన్నీ వెనక్కి నడుస్తూ దిగాలి. ఎదురుగా తాతయ్య బట్టతల, దాని మీద ఆమె ముఖం. తప్పించుకుందామన్నా చూడ్డానికి ఇంకో చోటు లేదు.

"రైట్ రైట్!" అన్నాడు తాతయ్య.

"మెట్టు," అంది ఆమె. "ఇంకో మెట్టు. మెల్లగా."

వాన కిటికీ అద్దాల్ని బాదుతోంది. మూడో ఫ్లోర్ మలుపు వచ్చేసరికి ఇద్దరికీ ఆయాసం.

"హోల్డాన్! ప్యాసింజర్లు ఊపిరి పీల్చుకోండి," అన్నాడు తాతయ్య. "అమ్మాయ్, రేపు మీ మందిరంలో నా కాలు కోసం ఓ మాట చెప్పు."

"రేపు నాకు డ్యూటీ తాతయ్యా. మా అమ్మ వెళ్తుంది, చెప్తాను."

"ఏమండీ, జారిపోతోంది, పైకి పట్టుకోండి," అన్నాడు అతను.

తాతయ్య తల తిప్పి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఒరేయ్, నాకో డౌటు. ఆస్పత్రంతా సిస్టర్, సిస్టర్ అని చంపుతుంటారు. నువ్వొక్కడివే ఏమండీ అంటావేం? ఏమండీ అని ఎవరు ఎవర్ని పిలుస్తార్రా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె దుప్పటి ముడి సరిచేసుకుంటూ తల దించుకుంది.

"ఇంకో డౌటు. అమ్మాయ్, నాకు ప్రార్థన చేశావు. నా పక్క బెడ్డు వాడు రాత్రంతా బూతులు తిడితే వాడికీ చేశావు. ఆ సిలిండర్ల మీసాలోణ్ణి కూడా మందిరానికి పిలిచావు. వీడేం పాపం చేశాడు?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా," అతని నోట్లోంచి వచ్చేసింది. "నేను మనిషిలా కనపడనా? వీడి వల్ల కాదులే అని దేవుడు కూడా వదిలేశాడా?"

"పదండి. మెట్టు చూసుకోండి."

"చూసుకోవడానికి నాకు వీపున కళ్ళున్నాయా? మీరే చెప్పాలి."

"మెట్టు... ఇంకోటి... ఇప్పుడు గోడ."

"అడిగినదానికి చెప్పందే బస్సు కదలదు," అన్నాడు తాతయ్య. రెండో ఫ్లోర్ మలుపులో కుర్చీ దించారు.

ఆమె ముంజేత్తో నుదురు తుడుచుకుంది. ఆ ముఖంలో అలసట మెట్ల వల్ల వచ్చింది మాత్రం కాదు.

"సోమవారం నుంచి నేను గ్రౌండ్ ఫ్లోర్ వార్డుకి మారుతున్నాను. ఇక లిఫ్టెక్కే పనుండదు. నేనే అడిగి మార్పించుకున్నాను."

"నా మొహం చూడలేకనా?" అన్నాడు అతను.

"మీకేం చెప్పాలండీ..." ఆమె గోడకి ఆనుకుంది. "మిమ్మల్ని పిలుద్దామని రోజూ అనుకునేదాన్ని. నోటిదాకా వచ్చేది. అప్పుడే అనుమానం. నేను పిలుస్తున్నది దేవుడి దగ్గరికా, నా పక్కకా? సిలిండర్ల ఆయన్ని పిలిచినప్పుడు ఈ గొడవ లేదు. ఆయనొస్తే సంతోషం, రాకపోతే ప్రార్థన. మీరు రాకపోతే నాకు ఏడుపొస్తుంది. దేవుడి పేరు చెప్పి నా పని చక్కబెట్టుకోవడం మోసం కదూ? మీరొచ్చినా, ఎవరి కోసం వచ్చారో నాకెలా తెలుస్తుంది? అటు ఆ మాటా చెప్పలేక, ఇటు ఈ మాటా చెప్పలేక, 'నాలుగు' అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను."

మెకానిక్ సుత్తి కూడా ఆగింది. వాన ఒక్కటే వినపడుతోంది.

"నేను నిద్రపోయాను," అన్నాడు తాతయ్య కళ్ళు గట్టిగా మూసుకుని. "కానివ్వండి."

అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళ ఆ మాట, మొహాన కొడదామనుకున్న మాట, ఇప్పుడు చూస్తే చేతిలో బలం లేదు. అయినా చెప్పాడు. అమ్మ సంగతి, గుమ్మం దగ్గర ఆయన అన్నది, అన్నీ.

"ఒక్కటే అడగాలనుకున్నా. మీ దేవుడికి నాకు లేని విశ్వాసం కనబడింది గానీ, మా అమ్మకి ఉన్నది కనబడలేదా?"

ఆమె బైబిల్లోంచి ఏదో ఒక వాక్యం అప్పజెబుతుందనుకున్నాడు. చెప్పలేదు. వచ్చి అతని కన్నా పై మెట్టు మీద కూర్చుంది.

"అమ్మ ఎందుకు పోయారో నాకు తెలీదండీ. తెలిసినట్టు చెప్పను. కానీ ఆయన అన్నది తప్పు. అమ్మ పోయే బాధలో ఉన్న మనిషి మీద ఆ నేరం కూడా మోపడం... నేను నమ్మిన యేసయ్య అలాంటి మాట అనడు. ఆ మాటన్న ఆయన వచ్చి ఎలాగూ క్షమాపణ అడగడు. మా అందరి తరఫునా నేనడుగుతున్నా. క్షమించండి."

ఆ మాట అతనితో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎవరైనా అంటారని కూడా అనుకోలేదు. తల అటు తిప్పి కిటికీలోకి చూస్తూ, "వాన పెరిగింది," అన్నాడు.

"నాకు మెలకువొచ్చింది," అన్నాడు తాతయ్య ముక్కు ఎగబీలుస్తూ. "రైట్ రైట్. మీ కథ తేలేసరికి నా రెండో తుంటి కూడా పోయేలా ఉంది."

మిగతా మెట్లు ఆమె చెబుతుంటే అతను వెనక్కి దిగాడు. ఒక్కసారి కూడా తిరిగి చూసుకోలేదు.

సోమవారం లిఫ్టు బాగైంది. నేల తుడిచి, స్టూలు మీద కూర్చుని, ఇక ఈ తలుపులు ఎవరి కోసం తెరవాలా అని అతను నీరసంగా చూస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. ఆమె. గొడుగు బయటే దులుపుకుని వచ్చింది.

"మీ వార్డు గ్రౌండ్ ఫ్లోరేగా?"

"అవును. లిఫ్టెక్కకూడదా?"

"ఏ ఫ్లోర్?"

"ఏదో ఒకటి నొక్కండి."

అతను నాలుగు నొక్కాడు. అలవాటు.

"నిన్న మా అమ్మ మందిరం నుంచి వచ్చి చెప్పింది," అంది ఆమె బటన్లకేసి చూస్తూ. "ఎవరో కొత్త మనిషి వెనక బెంచీలో కూర్చున్నాడట. పాట పాడలేదట. మోకాళ్ళ నొప్పితో అమ్మ మెట్లు దిగలేక నిలబడితే, చేతులు పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ దింపాడట. ఏం చేస్తావు బాబూ అంటే, లిఫ్టు నడుపుతా అన్నాడట."

"ఆ మెట్లు మరీ ఇరుకు. తల కూడా తగిలింది."

"చెబుతూనే ఉంటానుగా, చూసుకోమని!" నవ్వింది. వెంటనే నవ్వు ఆపింది. "నాకు డ్యూటీ అని మీకు తెలుసు. తెలిసి, నేను లేని ఆదివారమే వెళ్ళారేం?"

"మీరుంటే ఎవరి కోసం వచ్చానో నాకూ తెలిసేది కాదు."

"తెలిసిందా?"

అబద్ధం చెబితే తేలిగ్గా ఉండేది.

"పూర్తిగా తెలీలేదు. ప్రసంగంలో సగం బుర్రకెక్కలేదు. కానీ అమ్మ గుర్తొచ్చింది. ఎప్పుడు గుర్తొచ్చినా ఆ గుమ్మం దగ్గరాయనే కనపడేవాడు. నిన్న అమ్మ ఒక్కతే కనపడింది, చేతులు జోడించుకుని. మళ్ళీ వెళ్తాను. అది నాకూ దేవుడికీ మధ్య. మీరు పిలవకండి."

"పిలవను," అంది ఆమె. కళ్ళు తడిశాయి, టవల్ తీయలేదు. "అది పిలవను. ఇంకోటి పిలవచ్చా?"

"ఏంటి?"

"మా అమ్మ మిమ్మల్ని ఇంటికి భోజనానికి తీసుకురమ్మంది. పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళనీ వెంటబెట్టుకుని రమ్మంది."

"పెద్దవాళ్ళంటే... కండక్టరు తాతయ్యే ఉన్నాడు."

"ఆయన వస్తే మనల్ని మాట్లాడనిస్తాడా?"

నాలుగో ఫ్లోర్ వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎక్కడానికి ఎవరూ లేరు, దిగాల్సిన అవసరం ఆమెకి లేదు. అతను స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఇది ఎవరి కోసం పిలుస్తున్నట్టు?"

"నా కోసం," అంది ఆమె, ఈసారి బటన్ల వైపు కాకుండా అతని వైపు చూస్తూ. "ఇది మాత్రం అచ్చంగా నా కోసమే."