ఎల్లారెడ్డి నాలుగో గ్లోబు

“తొమ్మిది పేర్లు. ఒక క్యాప్సూల్. ఆ క్యాప్సూల్ ఒక గ్లోబులో ఉంది. రేపు మధ్యాహ్నం ఆ గ్లోబు కామారెడ్డి దాటిందంటే, వారం తిరిగేసరికి తొమ్మిది మందిలో ఒక్కరూ మిగలరు.”

ఆపరేషన్స్ చీఫ్ అనిల ఫైలు మూసింది. సికింద్రాబాద్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసు పైన, బోర్డు లేని గది అది. ఎదుటి కుర్చీలో ఏజెంట్ మహేందర్ కదలకుండా కూర్చున్నాడు. ఆ తొమ్మిది మందీ గల్ఫ్ రేవుల్లో బతుకుతున్న డ్రైవర్లు, వంటవాళ్లు, మెకానిక్కులు. ఏ ఓడలోంచి ఏం దిగుతోందో మన దేశానికి చెవిలో చెప్పే మనుషులు. వాళ్లందరినీ ఈ పనిలోకి దింపింది మహేందరే.

“ముఠా?”

“మెరిడియన్. పైకి యాంటిక్ వ్యాపారం. పాతకాలపు గ్లోబులు, ఇత్తడి ఖగోళాలు, భూగోళం ఆకారంలో సిరాబుడ్లు, గడియారాలు. పాత వస్తువులు సేకరించేవాళ్లు ఎగబడి కొంటారు. సరిహద్దుల్లో ఎవరూ వాటిని విప్పి చూడరు. కొరియర్ పేరు హాల్డెన్. డిప్లొమాటిక్ పాస్‌పోర్టు. రేపు కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో ఎగ్జిబిషన్ ఉంది. అక్కడ మూడు గ్లోబులు తీసుకుంటాడు. మూడూ ఒకే అచ్చు. సరుకు ఒక్కదానిలోనే.”

“మూడూ పట్టుకుంటే?”

“లిస్టు మనకు దొరికిందని తెలిసిన మరుక్షణం ఆ రేవుల్లో వేట మొదలవుతుంది. అందుకే వాళ్లకు తెలియకూడదు. అసలు గ్లోబు తీసి, అలాంటిదే ఇంకొకటి పెట్టాలి.” అనిల గోరంత లోహపు గొట్టాన్ని టేబుల్ మీద దొర్లించింది. “ఇది దాని లోపల. తొమ్మిది దొంగ పేర్లు. లోకంలో ఎక్కడా లేని మనుషులు. ఏ గ్లోబు మార్చాలో సుష్మిత చెబుతుంది. ముఠాలో మన డబుల్ ఏజెంట్.”

“అలాంటిదే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది?”

“చేసినవాళ్ల దగ్గర. ఎల్లారెడ్డిలో నవత అనే అమ్మాయి. ఆశన్న కూతురు.”

మహేందర్ క్యాప్సూల్ తీసి జేబులో వేసుకున్నాడు.

ఆశన్న పధ్నాలుగేళ్లు దుబాయిలో ఒక యాంటిక్ షాపు వెనుక గదిలో పాత గ్లోబులు బాగుచేశాడు. పని నేర్చుకుని వచ్చి ఎల్లారెడ్డిలో ఇంటి ముందు గదినే కార్ఖానా చేసుకున్నాడు. రెండేళ్ల కిందట మహేందర్ దుబాయి దోస్తునని చెప్పుకుని ఆ ఇంటికి వెళ్లాడు. మెరిడియన్ కోసం చేస్తున్న ఒక గ్లోబులో ట్రాకర్ పెట్టమని అడిగాడు. ఆశన్న భయపడితే భుజం మీద చెయ్యి వేసి, “నీకేం కాదన్నా, నాది జిమ్మ” అని పూచీ పడ్డాడు. మూడు వారాలకు భిక్నూర్ దగ్గర హైవే పక్కన ఆశన్న శవం దొరికింది. లారీ గుద్దిందని కాగితాల్లో రాశారు. అది హత్య అని మహేందర్‌కు తెలుసు. పేరు ఎలా బయటపడిందో మాత్రం ఎవరికీ అంతుచిక్కలేదు. అంత్యక్రియలకు అతను వెళ్లలేదు. ప్రోటోకాల్ ఒప్పుకోదు. ముఖం దాచుకోవాలనుకునేవాడికి ప్రోటోకాల్ అంత పనికొచ్చే మాట ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తెల్లగడ్డం, లావు కళ్లద్దాలతో ఒక పెద్దమనిషి ఎల్లారెడ్డిలో ఆ ఇంటి ముందు కారు దిగాడు. పేరు అరుణ్‌కుమార్ అని, పాత గ్లోబులు సేకరిస్తానని చెప్పుకున్నాడు. ముందు గదిలో దూలానికి కట్టిన తాళ్లకు కాగితపు గోళాలు ఆరుతున్నాయి. ప్రపంచ పటాన్ని పన్నెండు కోల చీలికలుగా కత్తిరించి, ఒక్కొక్కటే తడిపి గోళానికి అంటిస్తోంది నవత. ఇరవై మూడేళ్లుంటాయి. గోళ్ల అంచుల్లో జిగురు ఎండిపోయి ఉంది, అచ్చం తండ్రికి ఉండేటట్టే. ఎగ్జిబిషన్‌కు పంపిన మూడింటిలాంటిది ఇంకొకటి ఉందా అని అడిగాడు.

“నాలుగోది ఉంది గని సార్, అది అమ్మేది కాదు,” అంది. “మా బాపు పద్ధతి. మూడు ఆర్డరొస్తె నాలుగు చెయ్యాలె. ఏదన్న పగిలి వాపసొస్తె చూసి చేసెటందుకు ఒకటి ఇంట్ల ఉండాలె.”

గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న నవత తల్లి గౌరవ్వ తల ఎత్తలేదు.

“గడ్డం తెల్లగయింది గని గొంతు గదే ఉన్నది,” అంది.

మహేందర్ చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం మీదకు పోయింది.

“దుబాయి దోస్తునని వచ్చినవు. వదినా అని పిలిచి నా చేతి రొట్టె తిన్నవు. ఆయన పోయిననాడు కండ్లవడలేదు.” గౌరవ్వ ఆకు చుట్టి దారం కట్టింది. “తాగి లారీ కింద పడ్డడన్నరు. ఇరవై ఆరేండ్లు కాపురం చేసిన. ఆయన కల్లు గూడ ముట్టకపోతుండె. గీ వాడకట్టంత నన్ను తాగుబోతోని పెండ్లాన్ని చూసినట్టు చూస్తది. దోస్తు గద, ఒక్కనాడన్న వచ్చి కాదని చెప్తవేమో అని చూసిన.”

అబద్ధం చెప్పడంలో మహేందర్‌కు పద్దెనిమిదేళ్ల శిక్షణ ఉంది. ఆ పూట దాన్ని పక్కన పెట్టాడు.

“వదినా, తొమ్మిది మంది ప్రాణాల మీదికొచ్చింది. ఆ నాలుగో గ్లోబు కావాలె. నవత రెండు గంటలు నాతో కామారెడ్డికి రావాలె.”

“ఆయనను గూడ గిట్లనే అడిగినవు.”

నవత జిగురు గిన్నె మీద తడిగుడ్డ కప్పి లేచింది. “నేను పోత అవ్వా. ఈయనను అడిగేటివి ఉన్నయి నాకు.”

నాలుగో గ్లోబు నెత్తిన ఉన్న ఇత్తడి టోపీ విప్పి, లోపలి గుడ్డ సంచిలో క్యాప్సూల్ పెట్టి మళ్లీ బిగించింది. గ్లోబును తన పాలిష్ డబ్బాలో దాచింది. కారు లింగంపేట దాటింది.

“మా బాపును ఎవరు చంపిండ్రు?” అంది అప్పుడు, ఎదుటి రోడ్డు చూస్తూనే.

“మెరిడియన్ ముఠా. పనిలోకి దించింది నేను.”

“నీకు తెల్సి గూడ రెండేండ్లు చెప్పలేదు.”

“చెప్పలేదు.”

ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. నవత కిటికీ అద్దం దించి, “ముంగట పని కానియ్యి,” అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది మహేందర్‌కు.

ఫంక్షన్ హాలు నిండా భూగోళాలే. నిలువెత్తు గ్లోబులు, అరచేతిలో పట్టే గ్లోబులు, మూత తీస్తే గ్లాసులు కనిపించే గ్లోబు బీరువాలు. మధ్య బల్ల మీద పక్కపక్కనే నవత చేసిన మూడు. చేసిన పిల్ల ఆఖరి పాలిష్ కోసం వచ్చిందంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. బల్లకు అటుపక్క ముదురాకుపచ్చ పట్టుచీరలో, ముత్యాల కమ్మలతో సుష్మిత నిలబడింది. ఆమె నడిచిన దారంతా ఖరీదైన సెంటు వాసన.

మహేందర్ భూతద్దం తీసి మొదటి గ్లోబు మీదకు వంగాడు. “దీని మీద సిలోన్ ఉందా?”

“సిలోన్ లేదు. లంక ఉంది, చాలా?” కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. “మధ్యది. క్యాప్సూల్ పెట్టడం నా కళ్లతో చూశాను. పన్నెండున్నరకు ప్యాకింగ్. హాల్డెన్‌ను పది నిమిషాలు బయట కాఫీ దగ్గర ఆపుతాను.”

అన్నట్టే అతన్ని మాటల్లో పెట్టి అద్దాల తలుపు అవతలికి తీసుకుపోయింది. మహేందర్ భూతద్దంలో దాచిన స్కానర్ నొక్కాడు. మూడు గ్లోబుల లోపలా ఒకే తెల్లటి మసక. ముఠా ఆర్డర్‌లోనే లోపలంతా లోహపు పూత చెప్పి చేయించింది. స్కానర్ ఇక గాజుముక్కతో సమానం.

నవత పాలిష్ గుడ్డతో మొదటి గ్లోబును తిప్పింది. హిందూ మహాసముద్రం దగ్గర ఆగింది. మళ్లీ తిప్పితే ఇంకెక్కడో ఆగింది. మధ్యది కూడా అంతే. మూడోది తిరిగి తిరిగి, నెమ్మదించి, కొంచెం వెనక్కి ఊగి, ఆఫ్రికాను ముందుకు పెట్టి నిలబడింది. ఇంకోసారి తిప్పింది. ఆఫ్రికా. ఇంకోసారి. ఆఫ్రికా.

“ఇది,” అంది నవత పెదవులు కదలకుండా.

“ఎట్ల చెప్తవు?”

“అతుకు పడ్డ దిక్కు గోళం బరువుంటది. దానికి ఎదురుంగ లోపట సీసం గుండ్ల సంచి కడ్తం. అప్పుడు గ్లోబు యాడంటె ఆడ ఆగుతది. గిది ఒక్కతాన్నే ఆగుతున్నది. సీసం ఎందుకో ఎరుకలేక తీసి పారేసి, అండ్ల వాళ్లది పెట్టుకున్నరు. మధ్యదాంట్ల నేను కట్టిన సంచి అట్లనే ఉన్నది.”

చెవిలోని రిసీవర్‌లో అనిల గొంతు కటువుగా వినిపించింది. “మహేందర్, సుష్మితది ఏడేళ్ల రికార్డు. ఆ అమ్మాయికి ఇందులో ఏడు నిమిషాల అనుభవం కూడా లేదు. మన దగ్గర ఉన్నది ఒక్కటే గ్లోబు. మధ్యది మార్చు. ఇది ఆర్డర్.”

గడియారంలో పన్నెండూ ఇరవై ఏడు. ప్యాకింగ్ మనుషులు చెక్కపెట్టెలు లోపలికి తెస్తున్నారు. తప్పు గ్లోబు మారిస్తే తొమ్మిది ఇళ్లకు, భిక్నూర్ నుంచి ఆ రోజు ఆశన్న ఇంటికి వెళ్లినటువంటి కబురే వెళుతుంది. ఈసారి కూడా తాను వెళ్లకుండా ఉండటానికి ఏదో ఒక రూలు దొరుకుతుంది.

“మేడమ్, సిగ్నల్ సరిగ్గా లేదు,” అని రిసీవర్ తీసి జేబులో పడేశాడు.

అద్దాల తలుపుకు అడ్డంగా నిలబడి, బయటికి కనపడేలా మధ్య గ్లోబును రెండు చేతులా ఎత్తి, కదిపి, మళ్లీ అక్కడే పెట్టాడు. అతని వీపు చాటున నవత మూడోదాన్ని స్టాండు వలయంలోంచి తప్పించి డబ్బాలోకి దించింది. నాలుగోదాన్ని వలయంలో కూర్చోబెట్టింది. ఇరుసు మర సగం బిగించేలోపే తలుపు తెరుచుకుంది. హాల్డెన్ సరాసరి మూడో గ్లోబు దగ్గరికే వచ్చాడు.

నవత చేతిలో స్క్రూడ్రైవర్ ఇంకా అలాగే ఉంది. హాల్డెన్ దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. చూపుడువేలితో గ్లోబును తిప్పాడు. మర ఒక చుట్టు వదులుగా ఉంది. ఇరుసు ఊడితే మొత్తం కథ ఆ బల్ల మీదే అయిపోతుంది. గ్లోబు రెండు చుట్లు తిరిగింది. నవత పాలిష్ గుడ్డతో దాన్ని మెల్లగా ఆపి, నింపాదిగా ఆఖరి చుట్టు బిగించింది.

“మంచిగ తిరుగుతది సార్,” అంది.

అతనికి తెలుగు రాదు. నవ్వి, ప్యాక్ చెయ్యమని సైగ చేశాడు. పన్నెండూ నలభై ఒకటికి వ్యాన్ హైవే ఎక్కింది.

“మధ్యదేగా మార్చింది?” అంది సుష్మిత, పార్కింగ్‌లో.

“మధ్యదే.”

ఆమె ముఖంలో వెలుగు మరీ ఎక్కువగా కనిపించింది. కారులో నవత అప్పటికే మూడో గ్లోబు టోపీ విప్పింది. సీసం లేదు. క్యాప్సూల్ ఉంది. అందులో తొమ్మిది పేర్లూ ఉన్నాయి. సుష్మిత చెయ్యి ఫోన్ మీదకు పోయేలోపు మహేందర్ సైగ అందుకుని రెండు వైపులా ఇద్దరు మఫ్టీ మహిళా ఆఫీసర్లు వచ్చి నిలబడ్డారు.

సుష్మిత పెనుగులాడలేదు. చీరకొంగు సర్దుకుని మహేందర్‌ను చూసింది. “రెండేళ్ల నుంచి ఒక ప్రశ్న మోస్తున్నావు. అడుగు.”

“ఆశన్న పేరు వాళ్లకు ఎవరిచ్చారు?”

“నేను. నాకెవరిచ్చారు? నువ్వే కదా.”

అతనికి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందటి ఒక సాయంత్రం ఫోన్ కాల్. ట్రాకర్ ఎవరు బిగిస్తున్నారు, ఏదైనా జరిగితే నేను కాపాడాలి కదా అని ఆమె అడిగింది. తాను పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. ఆశన్న సామాను కోసం గురువారం గురువారం భిక్నూర్ మీదుగా పోతాడని అడగకుండానే చెప్పాడు. ఆ గొంతు అంటే ఆ రోజుల్లో అతనికి కొంచెం ఇష్టంగా ఉండేది.

తల తిప్పితే నవత కారు తలుపు దగ్గరే నిలబడి ఉంది. మొత్తం విన్నది.

“నన్ను ఇంటికాడ దించు,” అంది. “గిది అవ్వకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప.”

మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంటి ముందు పందిరి కింద బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురైదుగురు చేరారు. మహేందర్ గడ్డం పీకేసి, కళ్లద్దాలు తీసి గౌరవ్వ ముందు కూర్చోబోయాడు.

“కూసోకు,” అందామె. “నాకు చెప్పుడెందుకు, ఆయన సంగతి నాకెరుకే. గీళ్లకు చెప్పు. ఇనపడెటట్టు చెప్పు.”

రహస్యాలు కాపాడతానని సంతకం పెట్టిన కాగితాలు మహేందర్‌వి ఆఫీసులో ఒక అరనిండా ఉన్నాయి. అతను నిలబడే చెప్పాడు. “ఆశన్న తాగలేదు. లారీ కింద పడలేదు. సర్కారు పని చేస్తుంటె చంపిండ్రు. ఆ పని చెప్పింది నేను. ఆయన పేరు బయటపడ్డది గూడ నా నోట్లకెంచే.”

కత్తెరలు ఆగిపోయాయి.

“మరి అంగి మీద మందు వాసన?” అంది గంగాబాయి, పక్కింటామె.

“సచ్చినంక పోసిండ్రు.”

కమలవ్వ అనే ముసలామె లేచి, తన చాట తీసుకుని గౌరవ్వ పక్కన వచ్చి కూర్చుంది. రెండేళ్లలో ఆ చోట ఎవరూ కూర్చోలేదని మహేందర్‌కు అప్పుడే అర్థమైంది.

గౌరవ్వ కన్నీళ్లు పెట్టలేదు. అతన్ని క్షమించానని కూడా అనలేదు. “వచ్చే ఐతారం ఆయన తిథి,” అంది ఆకు కత్తిరిస్తూ. “రా. గడప బయట కూసోని తిని పో.”

ఆ కబురు పొద్దు గూకకముందే ఎల్లారెడ్డి అంతా తిరిగి, మర్నాటి మొదటి బస్సులో కామారెడ్డి చేరింది. మహేందర్ రాసిన రిపోర్టు మాత్రం మూడు నెలలు బల్ల బల్లకూ తిరిగి ఢిల్లీకి వెళ్లింది. దాని మీద ఎర్ర సిరాతో ముద్ర వేశారు: అత్యంత రహస్యం.